‘అప్పుడప్పుడు’ అని చెప్పాను, రోజూ తాగుతున్నాను

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది రాజమండ్రి. నా వయసు 37. ఒక ఫైనాన్స్ కంపెనీలో అప్పుల వసూళ్ల పని చేస్తున్నాను. రెండేళ్లుగా విపరీతమైన టెన్షన్. ఫోన్ మోగితే గుండె దడ. సోమవారం పొద్దున అయితే మరీ ఘోరం, ఆఫీసు మెట్లెక్కుతుంటే చెమటలు పడతాయి. మూడు నెలలుగా ఆన్‌లైన్‌లో ఒక సైకాలజిస్టు గారి దగ్గర కౌన్సెలింగ్ తీసుకుంటున్నాను. ప్రతి గురువారం సెషన్. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. ఆవిడ ఓపిగ్గా మాట్లాడతారు, కానీ నాలో పెద్దగా మార్పు లేదు. ఆవిడకు చెప్పని విషయం ఒకటుంది. మొదటి రోజు ‘అలవాట్లేమైనా ఉన్నాయా’ అని అడిగితే ‘అప్పుడప్పుడు’ అన్నాను. నిజానికి వారంలో ఐదు రోజులు రాత్రి క్వార్టర్ తాగుతాను. ఆదివారం స్నేహితులతో కూర్చుంటే హాఫ్ అవుతుంది. తాగకపోతే నిద్ర పట్టదు. ఈ మధ్య పొద్దున్నే చేతులు కాస్త వణుకుతున్నాయి. తాగిన రాత్రులు ఒక్కోసారి ఏడుపొస్తోంది. ‘డబ్బులిచ్చి మరీ అబద్ధాలు చెప్పడమెందుకు’ అంటుంది నా భార్య. తాగుడు మాన్పించే పొడి ఏదో తెప్పించి అన్నంలో కలిపేస్తానంటోంది. ఇన్నాళ్లకు నిజం చెబితే మేడమ్ గారు ఏమనుకుంటారు? అసలు ముందు మందు మానేసి, ఆ తర్వాత కౌన్సెలింగ్‌కి వెళ్లడం నయమా? వచ్చే ఒకటో తారీఖు నుంచి ఒక్కసారిగా మానేద్దామనుకుంటున్నాను.

సమాధానం: మీ ఉత్తరంలోని చివరి మాటతో మొదలుపెడతాను. ఒకటో తారీఖున ఒక్కసారిగా మానేయకండి. మందు మానొద్దని కాదు నేననేది. డాక్టరుకు చూపించుకోకుండా, ఇంట్లో మీ అంతట మీరు మానేయొద్దంటున్నాను.

కారణం మీరే రాశారు, పొద్దున్నే చేతుల వణుకు. ఆందోళన వల్లా చేతులు వణకొచ్చు, థైరాయిడ్ వల్లా వణకొచ్చు. కానీ దాదాపు రోజూ తాగే మనిషికి పొద్దున్నే వణుకు వస్తోందంటే ముందు అనుమానించాల్సింది మందునే. రాత్రి తాగింది ఒంట్లోంచి దిగిపోతుంటే శరీరం తట్టుకోలేకపోతోందన్నమాట. ఇలాంటి స్థితిలో పూర్తిగా ఆపేస్తే ఆఖరి గ్లాసు తర్వాత ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు వణుకు, చెమటలు, వాంతులు, చెప్పలేనంత భయం మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు మనిషి అయోమయంలో పడిపోయి, లేనివి కనబడుతున్నాయని, ఎవరో పిలుస్తున్నారని అనొచ్చు. అది అత్యవసర పరిస్థితి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు మూసేసినప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. వారం తిరక్కుండానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరారు. వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఫిట్స్‌తో వచ్చారు. వాళ్లలో చాలామంది తమను తాము తాగుబోతులని ఎప్పుడూ అనుకోనివాళ్లే. పని ముగించుకుని రాత్రికి ఓ క్వార్టర్ వేసుకుని పడుకునే మామూలు మనుషులు.

మీకు కూడా అలాగే అవుతుందని నేను చెప్పలేను. మిమ్మల్ని చూడకుండా ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ వారంలోనే ఒక సైకియాట్రిస్టును, అంటే మానసిక వైద్యుణ్ణి, కలవండి. మీ ఊరి ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉందేమో కనుక్కోండి. ప్రైవేటు డాక్టరైనా ఫరవాలేదు. అవసరమైతే విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. డాక్టరు మీ బీపీ, లివర్ పరీక్షలు, గతంలో ఫిట్స్ వచ్చాయా లేదా చూసుకుని, కొద్ది రోజుల పాటు మోతాదు తగ్గించుకుంటూ వెళ్లే మాత్రలు, బి1 విటమిన్ ఇస్తారు. ఇంట్లోనే మానొచ్చా, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండాలా అన్నది ఆయనే తేల్చాలి. డాక్టరును కలిసేదాకా ఒక్కసారిగా ఆపకండి, ఒక్క పెగ్గు కూడా పెంచకండి. ఈలోగా ఫిట్స్ గానీ అయోమయం గానీ కనిపిస్తే 108కి ఫోన్ చేయాలని మీ భార్యకు ముందే చెప్పి ఉంచండి.

ఇంకో మాట కూడా ఆలస్యం చేయకుండా అడగాలి. తాగిన రాత్రులు ఏడుపొస్తుందన్నారు. ఆ ఏడుపులో చచ్చిపోదామనే ఆలోచన వస్తోందా? వస్తే దాన్ని మీలోనే దాచుకోవద్దు. మత్తులో మనిషికి తెగింపు పెరుగుతుంది, ఆగి ఆలోచించే శక్తి తగ్గుతుంది. పగలు కేవలం ఆలోచనగా ఉన్నది రాత్రి పనిగా మారేది ఆ మత్తులోనే. అలాంటి రాత్రి ఒంటరిగా ఉండకండి. మీ ఆవిణ్ణి లేపండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఉచిత ఫోన్ సేవ. రాత్రి రెండింటికైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇక ‘అప్పుడప్పుడు’ సంగతి.

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మన దగ్గర కౌన్సెలర్లం అందరం ఒకే తీరులో అడుగుతాం, ‘అలవాట్లేమైనా ఉన్నాయా?’ అని. ఆ అడగడంలోనే తప్పు చేసినవాణ్ణి నిలదీసినట్టుంటుంది. ‘లేవండి’, ‘అప్పుడప్పుడు’, ‘ఫంక్షన్లలో మాత్రమే’ అనే మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది. ఆడవాళ్లనైతే చాలామంది ఆ ప్రశ్నే అడగరు, ఆడవాళ్లకు ఉండదన్నట్టు. వాళ్లు మీకంటే ఎక్కువ దాచుకోవాల్సి వస్తోంది.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకాయన డిప్రెషన్‌తో నా దగ్గరికి వచ్చేవారు. ‘అప్పుడప్పుడు’ అన్నారు, నేను కాగితం మీద అలాగే రాసుకున్నాను. నాలుగు నెలలు కష్టపడ్డాం ఇద్దరం. ఆయన బాల్యం గురించి, వాళ్ల నాన్నగారి గురించి ఎంతో మాట్లాడుకున్నాం. మెరుగు లేదు. చివరికి ఒకరోజు ఆయన భార్య వచ్చి, మంచం కింద సీసాల గురించి చెప్పింది. ఆయన అబద్ధమాడారని నాకు కోపం రాలేదు. మళ్లీ ఒక్కసారైనా అడగనందుకు నా మీద నాకే బాధేసింది. ఆ నాలుగు నెలలు ఆయనవి, తిరిగి ఇవ్వలేను. అప్పటి నుంచి ‘అలవాట్లు ఉన్నాయా’ అని అడగడం మానేశాను. ‘వారంలో ఎన్ని రోజులు తాగుతారు, తాగిన రోజు ఎంత’ అని అడుగుతాను. మీ మేడమ్ కూడా అలా అడిగి ఉంటే మీరు చెప్పేవారేమో.

దాచిపెట్టడం వల్ల కౌన్సెలింగ్‌కి ఏమవుతుందో చెప్తాను. ఇది నీతికి సంబంధించిన విషయం కాదు, ఒంటికి సంబంధించింది. మెదడులో ఉద్రేకాన్ని అణిచే రసాయనాలున్నాయి, రేపే రసాయనాలున్నాయి. మందు మొదటివాటికి బలమిస్తుంది, రెండోవాటిని నొక్కేస్తుంది. అందుకే తాగిన అరగంటకు భుజాల మీద బరువు దిగినట్టుంటుంది. రోజూ అలా జరుగుతుంటే, ఆ నొక్కుడుకు సరిపడా మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. తెల్లవారుజామున మందు దిగిపోతుంది, పెరిగిన ఉద్రేకం మిగిలిపోతుంది. మూడింటికో నాలుగింటికో మెలకువ, గుండె దడ, నోరు ఎండిపోవడం, ఏదో ముంచుకొస్తోందన్న భయం. తాగితే నిద్ర పడుతుందన్నారు. పడుతుంది, నిజమే. కానీ ఆ నిద్ర రెండో సగంలో చెదిరిపోతుంది. కలలొచ్చే నిద్ర తగ్గిపోతుంది. మనసును నలిపే సంగతులను మెదడు సర్దుకునే వేళల్లో అదొకటి.

ఇప్పుడు మీ ఉత్తరం మళ్లీ చదవండి. సోమవారం పొద్దున మరీ ఘోరంగా ఉంటుందన్నారు. హాఫ్ తాగేది ఆదివారమన్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎప్పుడైనా చూశారా? మీ సోమవారం భయమంతా మందే అని నేననను. అప్పుల వసూళ్ల పని ఎంత నలిపేస్తుందో నాకు తెలుసు. పైవాళ్ల టార్గెట్లు ఒకవైపు, అవతలి మనిషి ఏడుపు ఒకవైపు. కానీ ఆ చెమటల్లో, ఆ దడలో కొంత భాగం ఆదివారం రాత్రి సీసా నుంచి వచ్చిందే. మీ మేడమ్‌కు ఆదివారం సంగతి తెలియదు. అందుకే ఆవిడ ఆ దడకు మూలం మీ ఆలోచనల్లోనే వెతుకుతున్నారు. తొమ్మిది గురువారాలుగా లేనిచోట వెతికిస్తున్నారు మీరు.

రెండో నష్టం ఇంకా లోతైనది. ఆందోళనకు చేసే కౌన్సెలింగ్‌లో అసలు పని, భయం వచ్చినప్పుడు పారిపోకుండా దానితో కాసేపు ఉండటం. ఫోన్ మోగుతుంది, దడ పెరుగుతుంది, అయినా ఎత్తుతారు, పది నిమిషాలకు దడ దానంతటదే తగ్గుతుంది. ‘నేను దీన్ని తట్టుకోగలను’ అన్న నమ్మకం అలా ఒక్కోసారి కొంచెం కొంచెంగా పుడుతుంది. రోజూ సాయంత్రం ఎనిమిదింటికి క్వార్టర్ ఎదురుచూస్తుంటే ఆ నమ్మకం పుట్టే అవకాశమే ఉండదు. రోజు గడిచిందంటే ఆ ఘనత మీది కాకుండా సీసాది అయిపోతుంది. ఆవిడ ఇచ్చిన హోంవర్క్, రాత్రి పడుకునే ముందు ఆలోచనలు రాసుకోమనడం లాంటిది, ఎన్ని రోజులు చేశారో మిమ్మల్ని మీరు అడగండి. మత్తులో రాయలేరు, రాసినా పొద్దున అది మీది అనిపించదు.

ఎంత తాగుతున్నారో కూడా ఒకసారి లెక్క చూద్దాం. ఎందుకంటే ‘క్వార్టరే కదా’ అనే మాట మన దగ్గర చాలా తేలిగ్గా వాడేస్తారు. సుమారు 10 గ్రాముల ఆల్కహాల్‌ను ఒక కొలతగా తీసుకుంటారు. మన విస్కీ, బ్రాందీల్లో 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో అంత ఉంటుంది. నైంటీ అంటే మూడు కొలతలు. క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు, ఆరు. హాఫ్ పన్నెండు దాటుతుంది. మీ వారం మొత్తం 40 కొలతల పైనే. బీరు తాగేవాళ్లు తమది లెక్కలోకి రాదనుకుంటారు గానీ, 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్క సీసాలో దాదాపు నాలుగు కొలతలుంటాయి. ‘కొద్దిగా అయితే ఆరోగ్యానికి మంచిదే’ అనేవాళ్లూ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే తేల్చి చెప్పింది, ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని.

ఆ సంస్థే తయారు చేయించిన పది ప్రశ్నల పరీక్ష ఒకటుంది, పేరు ఆడిట్. ఎంత తరచుగా తాగుతారు, ఒకేసారి ఆరు కొలతలు గానీ అంతకు మించి గానీ ఎన్నిసార్లు అవుతుంది, మొదలుపెట్టాక ఆపలేకపోయారా, పొద్దున్నే తాగాల్సి వచ్చిందా, రాత్రి జరిగింది గుర్తులేకుండా పోయిందా, ఇంట్లోవాళ్లు తగ్గించమన్నారా, ఇలాంటివి. మొత్తం 40 మార్కులు. 8 గానీ ఆపైన గానీ వస్తే తాగుడు హాని చేసే దారిలో ఉందని, 20 గానీ ఆపైన గానీ వస్తే దానికి బానిస అయ్యారేమో డాక్టరు పరీక్షించాలని అర్థం. మీ డాక్టరు దగ్గరైనా, మీ మేడమ్ దగ్గరైనా అడిగి చేయించుకోండి. మీరు రాసిన దాన్నిబట్టి 8 ఎప్పుడో దాటేశారు.

‘ముందు మానేసి, తర్వాత కౌన్సెలింగ్’ అన్నారు. ఈ మాట మీరొక్కరే అనడం లేదు. కొందరు డాక్టర్లు, కౌన్సెలర్లు కూడా అంటారు, ‘ముందు అది మానేసి రండి, అప్పుడు చూద్దాం’ అని. నాకిది నచ్చదు. టెన్షన్ తట్టుకోలేక తాగే మనిషిని, టెన్షన్‌కి సాయం ఆపేసి తాగుడు మానమంటే ఎలా మానతాడు? వణుకు లాంటి లక్షణాలున్నప్పుడు డాక్టరు పర్యవేక్షణలో మందు మానడం ముందుగా జరగాల్సిందే. కానీ దానికోసం గురువారం సెషన్ ఆపనక్కర్లేదు. మానిన మొదటి వారాల్లోనే మనిషికి మాట సాయం ఎక్కువ కావాలి.

మాటలతో తాగుడు తగ్గుతుందా అని మీకు సందేహం ఉండొచ్చు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, హానికరంగా తాగే మగవాళ్ల మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. కౌన్సెలింగ్ చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఒక్కొక్కరికి మహా అయితే నాలుగు సెషన్లు. మూడు నెలల తర్వాత చూస్తే, కౌన్సెలింగ్ అందినవాళ్లలో 36 శాతం మంది ప్రమాదకరమైన తాగుడు నుంచి బయటపడ్డారు. అందనివాళ్లలో 26 శాతం. అద్భుతమేమీ కాదు. నాలుగు సెషన్లకు మాత్రం అది తక్కువేమీ కాదు. ఆ అధ్యయనంలోకి బాగా బానిసలైనవాళ్లను తీసుకోలేదు, కాబట్టి మీ పరిస్థితి ఏమిటో డాక్టరు తేల్చాకే ఏ సాయం ఎంత కావాలో తెలుస్తుంది. మందు మీద యావ తగ్గించే మాత్రలు కూడా ఉన్నాయి, నాల్‌ట్రెక్సోన్ లాంటివి. సైకియాట్రిస్టును అడగండి.

మానిన తర్వాత ఒక మంచి సంగతి జరుగుతుంది. మూడు నాలుగు వారాలు గడిచేసరికి దిగులు, దడ చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. అప్పుడు మిగిలింది ఎంతో అదే మీ అసలు టెన్షన్. దాని మీద పనిచేయడం మీకూ సులువు, మీ మేడమ్‌కూ సులువు.

ఆవిడ ఏమనుకుంటారు అన్నారు. నాకు తెలిసినంతలో చెప్తాను. సరైన శిక్షణ ఉన్న కౌన్సెలర్ అయితే ఊపిరి పీల్చుకుంటారు, ఇన్నాళ్లూ ఎక్కడ ఆగిపోయామో ఇప్పుడు తెలిసిందని. ‘ఇది నేను చూసే విషయం కాదు, ఫలానా వారిని కలవండి’ అనొచ్చు. అది తిరస్కారం కాదు, నిజాయితీ. కోప్పడి, ముఖం చిట్లించి, నీతులు చెబితే మాత్రం మరో కౌన్సెలర్‌ను వెతుక్కోండి, తప్పు మీది కాదు. ఆఫీసుకు తెలుస్తుందేమోనన్న భయం కూడా అక్కర్లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ మీ వివరాలు గోప్యంగా ఉండే హక్కు ఇచ్చింది. ఎవరికైనా ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు లాంటి కొన్ని సందర్భాలే దానికి మినహాయింపు.

ఇక్కడ నాలుగు మాటలు మీ ఇల్లాలితో. అమ్మా, నీ విసుగు నాకు అర్థమవుతోంది. కానీ ఆ పొడి జోలికి వెళ్లకు. అలా అమ్మేవాటిలో ఏముంటుందో ఎవరూ చెప్పలేరు. కొన్నిట్లో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే ఔషధమే, కానీ రోగికి పూర్తిగా చెప్పి, ఒప్పించి, గుండె, లివర్ పరీక్షలు చేశాక మాత్రమే ఇస్తారు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె మీదికి వస్తుంది. మీ ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపితే, ఆయన మామూలుగానే వెళ్లి తాగుతారు. ఆ తర్వాత జరిగేది నువ్వు కోరుకున్నది కాదు. నీ చేతి అన్నం మీద ఆయనకు నమ్మకం పోవడం వేరే నష్టం. నీకు చేతనైతే డాక్టరు దగ్గరికి ఆయనతో కలిసి వెళ్లు. ఎంత తాగుతారో ఆయన మర్చిపోతే నువ్వు చెప్పు. మద్యం, మత్తు పదార్థాల గురించి సలహాకు 14446 అనే ఉచిత నంబరు ఉంది. ఇంట్లోవాళ్లు కూడా దానికి ఫోన్ చేయొచ్చు.

నిద్ర కోసం మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కునే ఆలోచన ఉంటే మాత్రం అది ఇప్పుడే మానుకోండి. అల్ప్రజోలం, క్లోనజెపామ్ లాంటివి మందుతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. మందు మాన్పించడానికి డాక్టర్లు వాడేవీ ఈ జాతి మాత్రలే, కాబట్టి డాక్టరు ఇచ్చినంత, ఇచ్చిన రోజుల వరకే.

ముఖాముఖి చెప్పడం మీకు కష్టమని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. చెప్పక్కర్లేదు, రాయండి. బుధవారం పగలు, తాగక ముందు, ఆవిడకు ఈ నాలుగు వాక్యాలు మెసేజ్ పెట్టండి: ‘మేడమ్, మొదటి రోజు నా తాగుడు గురించి అప్పుడప్పుడు అని చెప్పాను. అది నిజం కాదు. వారంలో ఐదు రోజులు క్వార్టర్, ఆదివారం హాఫ్ తాగుతున్నాను, పొద్దున చేతులు వణుకుతున్నాయి, సైకియాట్రిస్టును కలవబోతున్నాను. రేపు ముందు దీని గురించే మాట్లాడదాం.’

పంపాక సిగ్గేస్తుంది. ఆఫీసులో మీటింగ్ ఉందనో, నెట్ బాగోలేదనో గురువారం సెషన్ రద్దు చేసుకోవాలనిపిస్తుంది. రద్దు చేసుకోకండి. కెమెరా ఆపేసుకుని అయినా సరే, కూర్చోండి.